ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాక రౌటర్‌కి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బెంగళూరు మారతహళ్లిలో ఫ్లాట్, ఫైబర్ కనెక్షన్. కంపెనీవాళ్లు గోడకి బిగించిన తెల్ల డబ్బా ఒకటి, దాని వెనక మీరు కొనుక్కున్న వైఫై 6 రౌటర్ ఒకటి. కొన్నప్పటి నుంచీ ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే లోపలి ప్రోగ్రామ్) జోలికి పోలేదు. మొన్న వారాంతంలో రెండేళ్ల వెర్షన్లు దాటేసి ఒకేసారి తాజాది వేశారు. అప్పటి నుంచి 5 గిగాహెర్ట్జ్ వైఫై రోజుకి కొన్నిసార్లు మాయమై, నిమిషం తర్వాత దానంతటదే తిరిగొస్తోంది. ఆఫీసులో ఒకాయన ఫర్మ్‌వేర్ వేసిన ప్రతిసారీ రీసెట్ కొట్టి తీరాలన్నాడు, ఇంకొకాయన ఆ రోజులు పోయాయన్నాడు. ఇంట్లో ఇద్దరిదీ వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి, రీసెట్ కొడితే అసలు నెట్టే రాకుండా పోతుందేమోనని మీ భయం.

నా సమాధానం: మామూలుగా అయితే అక్కర్లేదు. మీ విషయంలో మాత్రం చేయండి, కానీ ఇవాళ కాదు. మీరు చెప్పిన 5 గిగాహెర్ట్జ్ సమస్యకి అదే మందు అనుకుని కూడా చేయొద్దు. ఆ సమస్య వాసన వేరేగా ఉంది.

ముందు ఆ సంగతే చూద్దాం, ఎందుకంటే రీసెట్ లేకుండానే రెండు నిమిషాల్లో తేలిపోవచ్చు. మాయమవడం, సరిగ్గా నిమిషం తర్వాత రావడం అన్నారు చూశారా, అది డీఎఫ్‌ఎస్, అంటే రాడార్‌కి వైఫై దారి ఇచ్చే నియమం, దాని లక్షణం. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 52 నుంచి 64 వరకు, 100 నుంచి 144 వరకు ఉన్న చానెళ్లను వైఫై రాడార్లతో పంచుకోవాలి. అక్కడ రాడార్ లాంటి సంకేతం వినబడగానే రౌటర్ ఆ చానెల్ ఖాళీ చేసి ఇంకోచోటికి పోవాలి. ఖాళీ చేసిన చానెల్‌ని అరగంట వరకు ముట్టుకోకూడదు. ఇలాంటి కొత్త చానెల్‌లోకి దిగే ముందు కనీసం 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. ఆ 60 సెకన్లే మీ ఫోన్‌లో వైఫై పేరు కనబడని నిమిషం. వినబడింది నిజంగా రాడారేనా, ఏదో రొదా అన్నది రౌటర్‌కి చాలాసార్లు తెలియదు. అనుమానం వస్తే చాలు, లేచిపోతుంది.

ఫర్మ్‌వేర్‌కీ దీనికీ సంబంధం ఏమిటంటే, మన దేశంలో 5 గిగాహెర్ట్జ్‌లో ఎక్కువ భాగం లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2018 అక్టోబరులోనే తెరిచారు. మొత్తం 605 మెగాహెర్ట్జ్. రౌటర్ కంపెనీలు ఆ చానెళ్లను తమ ఇండియా జాబితాలో ఒక్కొక్కటీ ఒక్కో ఫర్మ్‌వేర్‌లో కలుపుకుంటూ వచ్చాయి. మీ పాత ఫర్మ్‌వేర్‌లో ఆటో చానెల్ అంటే 36, 149 లాంటివి మాత్రమే అయ్యుండొచ్చు, కొత్తదానిలో ఆటో అంటే అన్నీ కావచ్చు. పైగా చానెల్ వెడల్పు 160 మెగాహెర్ట్జ్ పెట్టి ఉంటే 36 మొదలు 64 దాకా మొత్తం ఆక్రమిస్తుంది, అంటే డీఎఫ్‌ఎస్ తప్పించుకోలేరు. కాబట్టి ఈ రాత్రికి చేయాల్సింది ఇంతే: 5 గిగాహెర్ట్జ్ చానెల్‌ని ఆటో నుంచి తీసేసి 36 పెట్టండి, వెడల్పు 80కి దించండి, రేపు సాయంత్రం వరకు గమనించండి. సిస్టమ్ లాగ్‌లో రాడార్ అన్న మాట గానీ డీఎఫ్‌ఎస్ అన్న మాట గానీ దొరికితే ఇక సందేహమే లేదు. అపార్ట్‌మెంట్‌లో 36 మీద పక్కవాళ్లు కిక్కిరిసి ఉంటే 149 పెట్టుకోండి.

ఇక రీసెట్ సంగతి.

రౌటర్ లోపల ఒక చిన్న ఫ్లాష్ చిప్ ఉంటుంది. దాన్ని భాగాలుగా విడదీసి వాడతారు. ఒకదాంట్లో బూట్‌లోడర్, ఒకదాంట్లో ఫర్మ్‌వేర్, ఇంకోదాంట్లో మీ సెట్టింగ్స్. ఈ మూడో దాన్ని చాలా రౌటర్లలో ఎన్‌వీరామ్ అంటారు. మీరు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినప్పుడు మారేది మధ్య భాగం. సెట్టింగ్స్ భాగం చాలా మోడళ్లలో అలాగే ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ దానికి సరిగ్గా వ్యతిరేకం: సెట్టింగ్స్ భాగాన్ని చెరిపేస్తుంది, ఫర్మ్‌వేర్‌ని తాకదు. రీసెట్ కొడితే పాత ఫర్మ్‌వేర్ తిరిగొచ్చేస్తుందని కూడా మీరు రాశారు గానీ, అది జరగదు. కొన్నప్పటి సెట్టింగ్స్ వస్తాయి, వేసిన కొత్త ఫర్మ్‌వేర్ అలాగే ఉంటుంది.

తంటా అంతా కొత్త ప్రోగ్రామ్ పాత సెట్టింగ్స్ చదవడంలో ఉంది. ఫర్మ్‌వేర్ రాసేవాళ్లు ఒక సెట్టింగ్ పేరు మార్చొచ్చు, ఒకటి ఉన్నచోట రెండు పెట్టొచ్చు, విలువల అర్థం మార్చొచ్చు. బాధ్యతగల కంపెనీ అయితే పాతదాన్ని కొత్తదానిగా మార్చే చిన్న కోడ్ కూడా లోపల పెడుతుంది. ఆ కోడ్‌ని వాళ్లు పరీక్షించేది సాధారణంగా నిన్నటి వెర్షన్ నుంచి ఇవాళ్టి వెర్షన్‌కి. రెండేళ్ల కిందటి వెర్షన్ నుంచి దూకేవాళ్లని దృష్టిలో పెట్టుకుని ఎంతమంది పరీక్షిస్తారు చెప్పండి.

ఇంకో సూక్ష్మం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. కొత్త ఫర్మ్‌వేర్‌లో కంపెనీ డిఫాల్ట్‌లు మార్చినా అవి మీకు అందవు. ఉదాహరణకి డబ్ల్యూపీఎస్‌ని (బటన్ నొక్కో పిన్ కొట్టో పాస్‌వర్డ్ లేకుండా వైఫైకి కలిసే సౌకర్యం) డిఫాల్ట్‌గా ఆఫ్ చేశారనుకుందాం. మీ రౌటర్‌లో ఆ సెట్టింగ్‌కి ఆన్ అనే విలువ ఎప్పుడో రాసి ఉంది కాబట్టి అది ఆన్‌లోనే ఉంటుంది. డిఫాల్ట్ అనేది విలువ లేనప్పుడే పనిచేస్తుంది. అప్‌డేట్ చేశాం, భద్రత వచ్చేసింది అనుకుంటాం. కొంత వస్తుంది, కొంత రాదు.

ఈ ముక్క ఎంత దూరం పోతుందో 2025 మే నెలలో బయటపడిన ఒక సంగతి చూస్తే తెలుస్తుంది. గ్రేనాయిస్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. ఎవరో కొన్ని ఆసుస్ రౌటర్లలోకి చొరబడి, లోపల ఏ వైరస్ ఫైలూ పెట్టకుండా, రౌటర్‌లో ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యి ఆదేశాలిచ్చే) సౌకర్యాన్నే 53282 పోర్టు మీద ఆన్ చేసి తమ తాళంచెవి అందులో చేర్చి వెళ్లిపోయారు. ఆ మార్పు రాసింది ఎక్కడ? ఎన్‌వీరామ్‌లో. కంపెనీ ఇచ్చిన సొంత సౌకర్యం, సొంత సెట్టింగ్. అందుకే దొంగ దూరిన కన్నాన్ని ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో పూడ్చేసినా, అప్పటికే లోపలికి వచ్చినవాడి దారి మూతపడలేదు. అలాంటి రౌటర్లు తొమ్మిది వేలకు పైగా కనబడ్డాయి. అనుమానం ఉన్నవాళ్లు చేయాల్సింది ఫ్యాక్టరీ రీసెట్, తర్వాత చేత్తో సెట్టింగ్స్. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే రౌటర్ వైరస్ వచ్చినప్పుడూ ఇంతే. ఐదు లక్షల పరికరాలు, 54 దేశాలు. అమెరికా ఎఫ్‌బీఐ రౌటర్లను రీబూట్ చేయమని ప్రకటన ఇచ్చింది, కానీ దాని మొదటి దశ రీబూట్‌కి చావదు. పూర్తిగా పోవాలంటే రీసెట్ చేయాల్సిందేనని సిస్కో వాళ్ల తాలోస్ బృందం చెప్పింది.

అందుకే సెకండ్ హ్యాండ్ రౌటర్ విషయంలో నాకు రెండో ఆలోచన ఉండదు. ఎస్పీ రోడ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లో కొన్నదైనా, ఫ్లాట్ ఖాళీ చేసినవాళ్లు వదిలేసి వెళ్లినదైనా, ఫర్మ్‌వేర్ వేసి రీసెట్ కొట్టాకే దానికి నెట్ వైరు తగిలించండి. పాత పాస్‌వర్డ్ తెలుసు కదా అని అలాగే వాడేసుకునేవాళ్లు పీజీల్లో చాలామంది.

మిగతా సందర్భాలు త్వరగా చెప్పేస్తాను. కంపెనీ రిలీజ్ నోట్స్‌లో రీసెట్ చేయమని రాస్తే చేయాలి, వాదన అనవసరం. కంపెనీ ఫర్మ్‌వేర్ నుంచి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకో ఆసుస్‌డబ్ల్యూఆర్‌టీ మెర్లిన్‌కో (బయటివాళ్లు తయారుచేసే ఫర్మ్‌వేర్లు) మారినా, వాటి నుంచి వెనక్కి వచ్చినా చేయాలి. వెనకటి వెర్షన్‌కి దిగితే కచ్చితంగా చేయాలి, ఎందుకంటే కొత్తది రాసిపెట్టిన సెట్టింగ్స్‌ని పాతది ఊహించను కూడా ఊహించలేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాడేవాళ్లకి 2021 సెప్టెంబరులో వచ్చిన 21.02 గుర్తుండే ఉంటుంది. చాలా మోడళ్లలో స్విచ్ పోర్టులను చూసుకునే పద్ధతే డీఎస్‌ఏ అనే కొత్తదానికి మారింది, 19.07 నాటి నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఫైలు దానికి పనికిరాలేదు. అలాంటిచోట సెట్టింగ్స్ ఉంచమన్న టిక్కు తీసేస్తేనే అప్‌గ్రేడ్ ముందుకి సాగనిచ్చారు. పద్ధతిగా చేసే పని అంటే అది. అందరూ అంత పద్ధతిగా చేయరు.

రీసెట్ అక్కర్లేనివి: మూడో అంకె మారిన చిన్న ప్యాచ్, అదీ నిన్నమొన్నటి వెర్షన్ మీద వేసింది, వేశాక అన్నీ మామూలుగా నడుస్తున్నది. దాన్ని ముట్టుకోకండి. రౌటర్ రాత్రిపూట దానంతటదే అప్‌డేట్ చేసుకునే సౌకర్యం పెట్టుకున్నవాళ్లు ప్రతి అప్‌డేట్‌కీ రీసెట్ కొడుతూ కూర్చుంటే ఇక ఉద్యోగం మానేయాలి.

మీ ఆఫీసాయన చెప్పే "కొట్టి తీరాలి" అన్న మాట ఎక్కడిదో కూడా చెబుతాను. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ మీద జనం సొంత ఫర్మ్‌వేర్లు వేయడం మొదలుపెట్టిన కాలం నాటిది. డీడీ-డబ్ల్యూఆర్‌టీ వేసేవాళ్లు 30-30-30 అని ఒకటి చేసేవారు. రీసెట్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకుని, అలా పట్టుకునే కరెంటు తీసి 30 సెకన్లు, వదలకుండానే మళ్లీ పెట్టి ఇంకో 30. ఆ పాత బ్రాడ్‌కామ్ చిప్ డబ్బాల్లో ఎన్‌వీరామ్ 32 కేబీనో 64 కేబీనో ఉండేది, పాత ఫర్మ్‌వేర్ల చెత్త పేరుకుంటే నిజంగానే నిండిపోయేది. అప్పుడు అది అర్థమున్న పని. ఇప్పటి రౌటర్లలో బటన్ పట్టుకుని కరెంటు పెడితే కొన్ని రికవరీ మోడ్‌లోకి పోతాయి, ఫర్మ్‌వేర్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాయి, మనం చచ్చిపోయింది అనుకుంటాం. మీరు ఆ పని చేయకండి.

అసలు జాగ్రత్త ఎక్కడంటే, ఏ డబ్బాకి రీసెట్ కొడుతున్నారు అన్నదగ్గర. మీ ఇంట్లో రెండున్నాయి. గోడకున్న కంపెనీ డబ్బా ఓఎన్‌టీ. ఫైబర్‌లోంచి వచ్చే వెలుగుని నెట్‌గా మార్చేది అది. దానికి సన్న రంధ్రంలో రీసెట్ బటన్ ఉంటుంది, నొక్కబుద్ధి కూడా అవుతుంది. నొక్కకండి. అందులో మీ కనెక్షన్‌కి సంబంధించిన వీల్యాన్ నంబరు (కంపెనీ తన నెట్‌వర్క్‌లో మీ ట్రాఫిక్‌కి వేసే గుర్తు), పీపీపీఓఈ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నెట్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) వివరాలు, కొన్నిచోట్ల అవతలి యంత్రం గుర్తుపట్టడానికి ఇచ్చిన పాస్‌వర్డ్ ఉంటాయి. కొన్ని కంపెనీల డబ్బాలు రీసెట్ అయినా దూరం నుంచి టీఆర్-069 పద్ధతిలో తమ సెట్టింగ్స్ తామే దించుకుంటాయి. కొన్ని దించుకోవు. చిన్న కేబుల్ ఆపరేటర్ల ద్వారా వచ్చే కనెక్షన్లలో అయితే టెక్నీషియన్ వచ్చి ల్యాప్‌టాప్ పెట్టి టైపు చేయాల్సిందే, అతను శనివారం సాయంత్రం దొరకడు. దాని మీద పీఓఎన్ దీపం నిలకడగా పచ్చగా, ఎల్‌ఓఎస్ దీపం ఆరిపోయి ఉందంటే ఆ డబ్బా తన పని తాను చేసుకుంటోంది, వదిలేయండి. ఎల్‌ఓఎస్ ఎర్రగా మెరుస్తుంటే లోపం ఫైబర్‌లో, రీసెట్‌తో పోయేది కాదు.

ఇప్పుడు మీ సొంత రౌటర్. రీసెట్ చేస్తే నెట్ రాదేమోనన్న భయానికి మందు, నొక్కకముందు రాసుకోవడం. రౌటర్ పేజీ తెరిచి ఇంటర్నెట్ లేదా వ్యాన్ అన్న పేజీకి వెళ్లండి. కనెక్షన్ రకం ఏమిటి, డైనమిక్ ఐపీనా, పీపీపీఓఈనా. డైనమిక్ ఐపీ అయితే మీ అదృష్టం, రీసెట్ తర్వాత వైరు పెట్టగానే నెట్ వస్తుంది, లేదా కంపెనీ లాగిన్ పేజీ వస్తుంది. పీపీపీఓఈ అయితే యూజర్‌నేమ్ పూర్తిగా, చివర ఉన్న తోక సహా రాసుకోండి. పాస్‌వర్డ్ చుక్కలుగా కనబడుతుంది. కంప్యూటర్‌లో క్రోమ్ వాడుతుంటే ఆ చుక్కల మీద రైట్ క్లిక్ చేసి ఇన్‌స్పెక్ట్ నొక్కి, టైప్ దగ్గర పాస్‌వర్డ్ అని ఉన్నచోట టెక్స్ట్ అని మారిస్తే కొన్ని మోడళ్లలో అక్షరాలు బయటపడతాయి. కొన్నింటిలో రౌటర్ పంపేదే ఉత్తి చుక్కలు, అప్పుడు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కొత్త పాస్‌వర్డ్ పెట్టించుకోండి. ఆ ఫోన్ శుక్రవారమే చేసేయండి.

అదే పేజీలో ఇంకో రెండు చూడండి. ఒకటి వీల్యాన్ నంబరు, ఇది కొన్ని మోడళ్లలో ఐపీటీవీ అన్న పేజీలో దాక్కుని ఉంటుంది. కనెక్షన్ ఇచ్చిన రోజు టెక్నీషియన్ అక్కడ ఒక అంకె వేసి వెళ్లి ఉంటాడు, మనకి తెలియను కూడా తెలియదు. రెండోది మ్యాక్ క్లోన్. మొదట కనెక్షన్ ఇచ్చినప్పుడు ల్యాప్‌టాప్‌నో పాత రౌటర్‌నో తగిలించి ఉంటే, కంపెనీ ఆ పరికరం మ్యాక్ అడ్రస్‌నే (నెట్‌వర్క్‌లో పరికరానికుండే గుర్తింపు సంఖ్య) గుర్తుపెట్టుకుని ఉండొచ్చు, మీ రౌటర్ ఆ అడ్రస్‌ని అరువు తెచ్చుకుని నడుస్తుండొచ్చు. రీసెట్‌తో అది పోతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నీ సరిగ్గా పెట్టినా నెట్ రాని కేసుల్లో నేను మొదట అడిగేది దీని గురించే.

తర్వాత ల్యాన్ పేజీలో రౌటర్ సొంత ఐపీ. మీ ఓఎన్‌టీ కూడా 192.168.1.1, రీసెట్ అయ్యాక రౌటర్ కూడా 192.168.1.1 అయితే రెండూ కొట్టుకుంటాయి. కొన్ని రౌటర్లు తెలివిగా తమ ఐపీ మార్చుకుంటాయి, కొన్ని మార్చుకోవు. ఇప్పుడు 192.168.50.1 లాంటిదేదో ఉంటే అదే రాసుకుని మళ్లీ అదే పెట్టండి. ప్రింటర్‌కో సీసీటీవీ డబ్బాకో కేటాయించిన ఐపీలు, పోర్ట్ ఫార్వర్డింగ్, డీఎన్‌ఎస్, వైఫై పేరు, వైఫై పాస్‌వర్డ్. పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం, మధ్యలో ఖాళీ, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా. ఇవన్నీ చేత్తో రాయడం ఎందుకు, ప్రతి పేజీకీ ఫోన్‌తో ఫోటో తీసేయండి. తీశాక ఆ ఫోటోల్లో అక్షరాలు చదవగలుగుతున్నారా అన్నది ఒకసారి చూసుకోండి.

సెట్టింగ్స్‌ని బ్యాకప్ ఫైలుగా దాచుకునే బటన్ ఉంది కదా, రీసెట్ అయ్యాక అది ఎక్కించేస్తే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది కదా అని అడుగుతారు. ఇక్కడే ఎక్కువమంది చేసిన పనంతా వృథా అవుతుంది. ఆ ఫైలు అంటే ఎన్‌వీరామ్‌లో ఉన్న పాత విలువలే, మంచివీ చెడ్డవీ కలిపి. దాన్ని మళ్లీ ఎక్కించడం బొద్దింకలున్న బీరువాని దులపకుండా కొత్త ఇంట్లోకి మోయించుకోవడమే. రీసెట్ చేసి బ్యాకప్ ఎక్కించేకంటే అసలు రీసెట్ చేయకపోవడం నయం, శ్రమైనా మిగులుతుంది. బ్యాకప్ తీసి ఉంచుకోండి, పాత ఫర్మ్‌వేర్‌కి తిరిగి వెళ్లాల్సి వస్తే ఆ వెర్షన్ మీద మాత్రం అది పనికొస్తుంది. మైక్రోటిక్ కంపెనీ రౌటర్లు వాడేవాళ్లకి ఈ బాధ లేదు. ఎక్స్‌పోర్ట్ అన్న ఆదేశం ఇస్తే సెట్టింగ్స్ దాదాపు అన్నీ చదవగలిగే అక్షరాల్లో వస్తాయి, కావలసిన వరుసలే ఏరుకుని పెట్టుకోవచ్చు. ఇళ్లల్లో వాడే రౌటర్లకి కూడా ఇలాంటిది ఎందుకు పెట్టరో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక చేసే రోజు. మీరు ఫర్మ్‌వేర్ ఇప్పటికే వేసేశారు కాబట్టి దాన్ని మళ్లీ వేయక్కర్లేదు. ఇది చదివే మిగతావాళ్ల కోసం: రౌటర్ అడుగున స్టిక్కర్ మీద హార్డ్‌వేర్ వెర్షన్ చూశాకే ఫైలు దించుకోండి. టీపీ-లింక్ ఆర్చర్ సీ6నే తీసుకోండి, వీ2 లోపల ఉన్నది క్వాల్‌కామ్ చిప్, వీ3 లోపల ఉన్నది మీడియాటెక్. పెట్టె మీద పేరు ఒకటే. ఫర్మ్‌వేర్ వేసేటప్పుడు వైఫై మీద కాకుండా ల్యాన్ వైరు మీద ఉండండి. కరెంటు సంగతి మన ఊళ్లో చెప్పక్కర్లేదు, ఎండాకాలం మధ్యాహ్నం వాన మబ్బు పట్టిందంటే ఆ పని వాయిదా వేయడమే మేలు. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ ఉంది కదా అంటారు, కరెంటు పోయి అది అందుకునేలోపు వచ్చే ఆ కొన్ని సెకన్ల ఖాళీ చాలు, సగం రాసిన ఫ్లాష్ మిగలడానికి. రౌటర్‌కి పెట్టే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఉంటే నిశ్చింత. చెన్నైలో ఉన్నవాళ్లయితే ఆ ఏరియా మెయింటెనెన్స్ కోత ఆ రోజు లేదని చూసుకోండి.

రీసెట్ మాత్రం రౌటర్ పేజీలోంచే చేయండి, సిమ్ పిన్నుతో రంధ్రంలో పొడవడం రెండో దారి. పేజీలో రీస్టోర్ అని ఉంటుంది. ఆసుస్ అయితే దాని పక్కనే ఇనిషియలైజ్ ఆల్ ది సెట్టింగ్స్ అని ఒక టిక్కు ఉంటుంది, అది పెట్టండి, ట్రాఫిక్ లాగ్‌ల లాంటివి కూడా తుడుచుకుపోతాయి. నొక్కాక అది లేచేదాకా కదిలించకండి. దీపాలు ఆరి వెలుగుతున్నాయని కంగారుపడి స్విచ్ తీయొద్దు.

లేచాక కొత్తవాళ్లు తికమకపడే చిన్న విషయం. అడుగున స్టిక్కర్ మీద ఉన్న వైఫై పేరుకి ఫోన్ కలుపుతారు. అప్పటికి రౌటర్‌కి నెట్ లేదు. ఫోన్ ఏం చేస్తుందంటే, ఈ వైఫైలో నెట్ లేదని గ్రహించి చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది. మీరు 192.168 అని కొట్టిన పేజీ తెరుచుకోదు. రీసెట్ పాడుచేసిందని అనుకుంటారు. మొబైల్ డేటా ఆఫ్ చేయండి, పేజీ వస్తుంది. ల్యాప్‌టాప్, వైరు ఉంటే ఈ గొడవే లేదు.

మొదట అడ్మిన్ పాస్‌వర్డ్, తర్వాత వ్యాన్ వివరాలు, తర్వాత వైఫై. వైఫైకి పాత పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా పెడితే టీవీ, ఫోన్లు, గీజర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్గు అన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి. చేరకపోతే భద్రత రకం చూడండి. కొత్త ఫర్మ్‌వేర్ డిఫాల్ట్‌గా డబ్ల్యూపీఏ3 పెట్టి ఉండొచ్చు, చవక ప్లగ్గులు, పాత ప్రింటర్లు దానికి తలాడించవు. డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉన్నదానికి మార్చండి. అప్పటికీ మొండికేస్తే 2.4 గిగాహెర్ట్జ్‌ని ఉత్తి డబ్ల్యూపీఏ2కి దించండి, 5 గిగాహెర్ట్జ్‌ని అలాగే ఉంచండి. దేశం ఇండియా అని ఉందో లేదో చూడండి. ఎక్కువ సిగ్నల్ వస్తుందని యూట్యూబ్ చూసి అమెరికానో ఇంకేదో పెట్టకండి. డబ్ల్యూపీఎస్ ఆఫ్, బయట నుంచి రౌటర్ పేజీ తెరిచే సౌకర్యం ఆఫ్. యూపీఎన్‌పీ (గేమ్స్ లాంటివి తమంతట తామే పోర్టులు తెరుచుకునే సౌకర్యం) ఇంట్లో గేమ్స్ ఆడేవాళ్లు లేకపోతే ఆఫ్. చివరగా 5 గిగాహెర్ట్జ్ చానెల్ మళ్లీ 36 పెట్టండి, రీసెట్‌తో అది ఆటోకి వెళ్లిపోయి ఉంటుంది.

నా సలహా, ఇవన్నీ శనివారం ఉదయం పెట్టుకోండి, ఒకరి ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోండి. ఫోటోలు సరిగ్గా ఉంటే అరగంట పని. ఆ రోజు పోర్ట్ ఫార్వర్డింగ్, పేరెంటల్ కంట్రోల్ లాంటివేవీ పెట్టకండి. ఉత్తి నెట్, ఉత్తి వైఫై మీద సోమవారం దాకా నడవనివ్వండి. అంతా సవ్యంగా ఉంటే అప్పుడు ఒక్కొక్కటీ చేర్చండి. అన్నీ ఒకేసారి పెట్టేస్తే మళ్లీ పడిపోయినప్పుడు ఎవరిది తప్పో తెలియదు.

చానెల్ 36 మీద పెట్టి, రీసెట్ చేసి, చేత్తో అన్నీ రాసి కూడా 5 గిగాహెర్ట్జ్ పడిపోతూనే ఉంటే రెండే మిగులుతాయి. రౌటర్ వేడెక్కుతోందేమో చూడండి, టీవీ యూనిట్ అరలో సెట్‌టాప్ బాక్సు మీద పెట్టి ఉంటే బయటికి తీయండి. అది కాకపోతే ఆ ఫర్మ్‌వేర్‌లోనే బగ్ ఉంది, కంపెనీ పేజీలో దాని వెనకటి వెర్షన్ దొరికితే దానికి దిగండి. దిగాక రీసెట్ మళ్లీ కొట్టాలి, ఈసారి తప్పించుకోలేరు.

రౌటర్ యూఎస్‌బీ పోర్టుకి హార్డ్ డిస్క్ తగిలించి ఫోటోలు దాచుకున్నామని, అవి పోతాయా అని చివర్లో అడిగారు. పోవు. రీసెట్ చెరిపేది రౌటర్ లోపలి సెట్టింగ్స్‌నే. దాన్ని పంచుకోవడానికి పెట్టిన యూజర్‌నేమ్, ఫోల్డర్ అనుమతులు మాత్రం పోతాయి, అవి మళ్లీ పెట్టుకోవాలి. అయినా రీసెట్ నొక్కేముందు డిస్క్‌ని పద్ధతిగా ఎజెక్ట్ చేసి వైరు తీసేయండి, రాస్తుండగా రౌటర్ రీబూట్ అయితే పాడయ్యేది ఆ డిస్కే.